రుచి – నీతి

ఒకే వస్తువు ఒకడి నోట్లో పడితే సంస్కృతి అనిపించుకొని, మరొకడి నోట్లో పడితే వ్యసనం అనిపించుకోవటం ఎట్లా జరుగుతుంది? చూడటానికి ఇది చిన్న ప్రశ్న. నాకు పుస్తకాల్లో నుంచి వచ్చిన ప్రశ్న కూడా కాదు. ఒక ఫిబ్రవరి నెలలో మూడు రోజులు చేసిన ప్రయాణంలో, ఒక బస్సు స్టాండులో, నేను చేసిన తప్పులో నుంచి వచ్చింది. ఆ తప్పు ఏమిటో చెప్పే ముందు ఆనాడు ఉదయం నుంచి జరిగినదంతా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే ఉదయం నేను పొందిన ఆనందం లేకపోతే సాయంత్రం చేసిన పని నాకు తప్పుగా తోచేదే కాదు.

నాతోపాటు చరిత్ర బోధించే మిత్రుడొకరు, ఎం.ఏ. చదివే విద్యార్థులు ఇద్దరు వచ్చారు. ఇద్దరిలో ఒకడు పట్నంలో పుట్టి పెరిగినవాడు. రెండో ఆమె నల్లగొండ వైపు ఒక కూలి కుటుంబం నుంచి వచ్చిన పిల్ల. ఖిలాషాపూరు, వరంగల్లు కోట, పాలంపేట రామప్ప గుడి చూడాలని మా సంకల్పం. దీనికి మేము పెట్టుకున్న పేరు చరిత్ర యాత్ర. ఐతే నిజం చెప్పాలి గదా, కోటలతోపాటు కల్లూ జొన్నరొట్టే కూడా మా మనస్సుల్లో ఉన్నవి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఒక ప్రాంతాన్ని కళ్ళతో మాత్రమే చూస్తే చాలదనీ, నాలుకతో కూడా చూడాలనీ నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ నాలుక వెనకాల ఎటువంటి బుద్ధి ఉన్నదన్నదే నా ప్రశ్న.

ఖిలాషాపూరు జనగామ జిల్లాలో, హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే దారికి దగ్గరలో ఉన్న ఊరు. అక్కడ ఉన్న రాతికోట కాకతీయులది కాదు; సర్వాయి పాపన్నకు స్థావరమైన కోట. గీత వృత్తి కులంలో పుట్టిన పాపన్న, ఔరంగజేబు ఆఖరి సంవత్సరాల్లో సొంత దండు కూడగట్టి మొగలాయి అధికారులకూ, వారితో చేయి కలిపిన తెలుగు జమీందార్లకూ కొరుకుడు పడని మనిషి అయ్యాడు. 1708 ఏప్రిల్ 1న వరంగల్లు మీద పడి నగరాన్ని కొల్లగొట్టాడు. అతని మనుషులు ఎత్తుకుపోయిన సొత్తులో వరంగల్లు తివాచీలు కూడా ఉన్నవి. 1710లో అతన్ని పట్టి చంపారు. సైన్యాలకు దొరకని పాపన్న ఆఖరికి ఒక కల్లు దుకాణంలో దొరికాడు. అమ్మేవాడే అతన్ని పోల్చుకొని పట్టిచ్చాడు.

మొగలాయి చరిత్రకారుడు ఖాఫీఖాన్ పారశీకంలో రాసిన గ్రంథంలో పాపన్న ఒట్టి దొంగ. కథాగానం చేసేవారి పాటల్లో వీరుడు. అతన్ని మచ్చలేని మహనీయుణ్ణి చేయాలని నాకు లేదు. నగరాన్ని దోచినప్పుడు స్త్రీలనూ పిల్లలనూ బందీలుగా పట్టుకుపోయాడు. పాటలు ఎంత పాడినా ఆ మాట చెరగదు. కాని ఒక సంగతి గమనించాలి. రాజు దోస్తే దండయాత్ర అని రాసిన కలమే గీత కులంవాడు దోస్తే దొంగతనమని రాసింది. చేసిన పనిని బట్టి కాక చేసినవాణ్ణి బట్టి పేరు మారింది. ఇప్పుడు ఆగస్టు 18న అతని జయంతిని ప్రభుత్వమే జరుపుతున్నది. మూడు వందల ఏళ్ళు గడిచాక పేరు మళ్ళీ మారింది. ఈ పేర్ల మార్పిడిని గురించి ఆనాటి ఉదయం బురుజు నీడలో నిలబడి నేను విద్యార్థులకు చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. నా మాటలు నేనే వినలేదని సాయంత్రానికి గాని తెలియలేదు.

కోట చూసి తాటివనం వైపు నడిచాము. ఒక గీత కార్మికుడు అప్పుడే మోకు నడుముకు తగిలించుకొని చెట్టు ఎక్కుతున్నాడు. యాభై అడుగులకు తక్కువ లేని చెట్టు. మానుకూ నడుముకూ చుట్టి ఒక మోకు. పాదాలకు ఒక తాటి బంధం. వెనక కత్తుల పొది. అడుగు అడుగుకూ మోకును పైకి ఎగదోసుకుంటూ, దాని మీద ఒరిగి, కాళ్ళు ముడుచుకుంటూ పైకి పోయాడు. పైన ఆకుల మధ్య గెల మొనను పల్చగా చెక్కి, నిండిన లొట్టిని దించి, ఖాళీ లొట్టి కట్టి వచ్చాడు. ఈ చెక్కటం రోజూ జరగాలి. మానేస్తే గాయం ఎండిపోయి చెట్టు కల్లు ఇవ్వటం మానుతుంది. కనక అతనికి పండుగ లేదు, జ్వరం లేదు, వాన లేదు. వానలో మాను జారుతుంది. మోకు తెగినా పాదం తప్పినా కిందపడ్డవాడి ప్రాణం పోతుంది, లేకపోతే నడుము పోతుంది. చెట్టు ఎక్కే ముందు వాళ్ళు తలచుకునే కాటమయ్య పేరనే 2024లో తెలంగాణ ప్రభుత్వం రక్షణ పరికరాలు ఇవ్వటం మొదలుపెట్టింది. తరతరాలుగా ఈ పనిలో మనుషులు పడి చనిపోతూ ఉంటే, రక్షణ మోకు గురించి ఆలోచించటానికి ఇంత కాలం పట్టింది.

తాటాకు దొప్పలో కల్లు పోశాడు. మధ్యాహ్నానికి పులిసి ఘాటెక్కే ఆ కల్లు ఉదయం పూట ఇంకా తియ్యగా, కొద్దిగా నురగతో, చల్లగా ఉన్నది. నేనూ మిత్రుడూ పట్నం విద్యార్థీ తాగాము. రెండో ఆమె తాగలేదు. "మా ఇంట్లో ఆ వాసన వస్తే మా అమ్మకు నిద్రపట్టదు సార్" అని మాత్రం అన్నది. ఎవరమూ బలవంతం చేయలేదు. ఎందుకని కూడా అడగలేదు. పట్నం కుర్రవాడు రెండో దొప్ప పూర్తిచేసి, "ఇది మత్తు కాదన్నా, మన సంస్కృతి" అన్నాడు. ఆ మాటకు గీత కార్మికుడు నవ్వి, "మీరు తాగితె సంస్కృతి అంటరు సారూ. మావోడు తాగితె తాగుబోతోడంటరు" అన్నాడు. మేమంతా నవ్వాము. మాట బాగున్నదని జేబులోని పుస్తకం తీసి రాసుకున్నాను. దాని కింద 'అచ్చమైన రుచి' అని కూడా రాసుకున్నాను.

పదకొండు గంటలకు రోడ్డు పక్కన ఒక చిన్న హోటలు ముందు ఆగాము. ఒక పెద్దమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చొని రొట్టెలు చరుస్తున్నది. వేడినీళ్ళతో పిండి కలిపి, ముద్దచేసి, రెండు చేతుల మధ్య తిప్పుతూ తడుతూ ఉంటే రొట్టె గుండ్రంగా సాగుతున్నది. జొన్నపిండికి జిగి తక్కువ; చేతి నేర్పు లేకపోతే అంచులు విరిగిపోతవి. పొగకు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నవి. రొట్టె, పుంటికూర పప్పు, ఎండుమిరప కారం. ఇంతటి భోజనం నేను ఈమధ్య చేయలేదు. అదే మాట చెప్పాను.

"మా చిన్నప్పుడు తెల్లన్నం పండుగకే బిడ్డా," అన్నది ఆమె. "జొన్న గట్కనే తిని పెరిగినం. పెద్దింటోళ్ళు చూస్తె సిగ్గయ్యేది. ఇప్పుడు మీరు కార్లు ఆపి రొట్టె కావాలంటున్నరు, మేం రేషన్ బియ్యం తింటున్నం."

ఈ నాలుగు మాటల్లో ఒక ఆర్థిక చరిత్ర ఉన్నది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. పేదల ఆకలికి అది మేలు చేసిందన్నది కాదనరాని నిజం; అన్నం అన్నది పెద్ద ఇళ్ళ సొత్తుగా ఉండటం ఆగిపోయింది. అదే కాలంలో జొన్న చేలు తరిగి, పత్తీ వరీ పెరిగినవి. జొన్న తినటం అవమానంగా భావించిన తరం దాన్ని వదిలింది. తరవాత వైద్యుల సలహాతో, తీపి రోగం భయంతో, పట్నపు మధ్యతరగతి దాన్ని పట్టుకున్నది. రొట్టె వెల అన్నం వెలను దాటింది. పేదవాడికి అది బీదతనపు గుర్తు. అతని పళ్ళెం నుంచి మన పళ్ళెంలోకి వచ్చేసరికి ఆరోగ్యమూ, సంప్రదాయమూ అయింది. జొన్న మారలేదు. తినేవాడు మారాడు.

ఇంత తెలిసి, ఇంత ఆలోచించి, సాయంత్రం వరంగల్లు చేరాము. బస్సు దిగి, బడలికతో ఒక బల్ల మీద కూర్చున్నాము. ఒక మనిషి మా దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటవి. చొక్కా మీద సిమెంటు మరకలు, చేతిలో టిఫిను డబ్బా. కాళ్ళు తడబడుతున్నవి. నోటి నుంచి కల్లు వాసన కొట్టింది. "సారూ, నర్సంపేట బస్సు ఎక్కడాగుతది?" అని అడిగాడు. మా ఎదటి బోర్డు మీద రాసే ఉన్నది. నేను వినిపించుకోనట్టు ముఖం తిప్పుకున్నాను. మిత్రుడు చేతిలోని పత్రిక పైకెత్తాడు. పట్నం కుర్రవాడు బల్ల చివరకు జరిగి, పళ్ళ సందు నుంచి ఏదో అన్నాడు. అందులో 'తాగుబోతు' అన్న మాట ఉన్నది.

ఆ మనిషి మళ్ళీ అడగబోయేలోపు, ఉదయం కల్లు ముట్టని ఆ పిల్ల లేచింది. "ఇట్ల రా అన్నా" అని అతన్ని బస్సు ఆగే చోటికి తీసుకుపోయింది. బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడి, ఎక్కించి వచ్చింది. వచ్చి కూర్చొని మాతో ఏమీ అనలేదు. అనవలసిన అవసరమూ లేకపోయింది. ఉదయం నా నోటి నుంచి వచ్చిన వాసనకూ ఆ మనిషి నోటి నుంచి వచ్చిన వాసనకూ తేడా లేదు. నేను ఆ తరవాత భోజనం చేసి, వక్కపొడి వేసుకొని, సంస్కృతిని గురించి మాట్లాడాను. అతను పగలంతా సిమెంటు మోసి తాగాడు. తేడా అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రకరకాల సమాధానాలు చెప్పుకొని చూశాను. అవి నా ఒక్కడివే కావు. మన చదువుకున్న వర్గం తరచుగా చెప్పుకునేవే. కనక వాటిని పరిశీలించటం అవసరం.

మొదటి సమాధానం నీతివాదిది. మత్తు ఎవరికైనా చెడ్డదే, ఉదయం నీవు తాగటమూ తప్పే, సాయంత్రం అతను తాగటమూ తప్పే, ఇద్దరినీ ఒకే కొలతతో నిందిస్తే పేచీ తీరిపోతుందంటాడు. ఈ మాటలో సమానత్వం ఉన్నట్టు కనబడుతుంది. ఐతే మత్తును గురించి మన నేలమీద జరిగిన అన్నిటికన్నా గొప్ప పోరాటం ఈ దారిన నడవలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకింది; సారా పాటలు ఆగినవి; 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. రెండోది 1997లో సడలిపోయింది. ఆ స్త్రీలు మత్తు పాపమని ఉపన్యసించలేదు. కూలి డబ్బు ఇంటికి రాకుండా ఎక్కడికి పోతున్నదని అడిగారు. 1980లలో సారాను ప్యాకెట్లలో నింపి ఊళ్ళకు చేరవేసిన ఏర్పాటు ప్రభుత్వానిదే. ఒక చేత్తో రెండు రూపాయల బియ్యం ఇచ్చి, మరో చేత్తో సారా ప్యాకెట్టు ద్వారా ఆ డబ్బును వెనక్కు లాక్కున్న లెక్కను నిరక్షరాస్యులైన స్త్రీలు మనకన్నా ముందు కట్టారు. వాళ్ళ కోపం తాగే మనిషి మీద ఎంత ఉన్నదో, దుకాణం పాడినవాడి మీదా, పాట పెట్టిన సర్కారు మీదా అంతకన్నా ఎక్కువ ఉన్నది. నీతివాది తాగేవాడి నోటి దగ్గర ఆగిపోతాడు. ఆ స్త్రీలు సీసా వచ్చిన దారి వెంట వెనక్కు నడిచారు.

రెండో సమాధానం సంస్కృతి ప్రేమికుడిది. కల్లు మన పూర్వుల పానీయం, జొన్న మన పూర్వుల తిండి, వాటిని గౌరవించాలి, నిందించకూడదు అంటాడు. ఇది విని మొదట సంతోషిస్తాము. కొంచెం ఆలోచిస్తే ఈ గౌరవం వస్తువుకే గాని మనిషికి కాదని తెలుస్తుంది. తాటిచెట్టు మీద నుంచి పడ్డవాడి నడుము అతని మాటల్లో ఉండదు. క్లోరల్ హైడ్రేటు, డయజెపాం, అల్ప్రాజోలాం కలిపి చేసే కల్తీ కల్లు ఉండదు. 2025 జూలైలో హైదరాబాదులో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. ఆ కల్లును సంస్కృతి అందామా? నిజాం రాజ్యంలో ఆబ్కారీ ఖజానాకు పెద్ద రాబళ్ళలో ఒకటి. చెట్టు గీసేవాడు ఒకడు, కాంట్రాక్టు పట్టేవాడు మరొకడు. సర్కారు ఇద్దరికీ పైన కూర్చునేది. కాంట్రాక్టరు చేతి నుంచి చెట్టును గీసేవాడి చేతికి తేవాలని బొమ్మగాని ధర్మభిక్షం గారి వంటి నాయకులు గీత పనివారిని సంఘాలుగా కూడగట్టారు. ఆ పోరాటం కూడా కల్లు చరిత్రలో భాగమే. దాన్ని వదిలేసి దొప్పనూ నురగనూ మాత్రం పట్టుకొని సంస్కృతి అనటం, పాపన్నను వదిలేసి బురుజు ఫోటో తీసుకోవటం వంటిది.

మూడో సమాధానం అన్నిటికన్నా మెత్తనిది: రుచులు వేరు, ఎవరి రుచి వారిది, తీర్పులెందుకు? ఐతే రుచి గాలిలో పుట్టదు. ఆకలితో అలమటించేవాడికి ఆహారం మనిషి ఆస్వాదించే రూపంలో కనిపించదనీ, కడుపు నింపే పదార్థంగానే ఉంటుందనీ మార్క్స్ 1844 నాటి రాతప్రతుల్లో గమనించాడు. ఉదయం కల్లులోని తీపినీ, దాని వెనక సన్నని పులుపునీ నేను వేరువేరుగా గుర్తుపట్టగలిగానంటే నాకు తీరిక ఉన్నది, కడుపు నిండి ఉన్నది, నెల జీతం ఉన్నది. సిమెంటు మోసినవాడు రుచి కోసం తాగడు. భుజాల నొప్పి మరిచిపోవటానికి తాగుతాడు. ఇంగ్లండు కార్మికుల తాగుడును గురించి 1845లో రాస్తూ ఏంగెల్స్, మిగిలిన సుఖాలన్నీ మూసి ఉంచి ఇదొక్కటే తెరిచి ఉంచిన సమాజాన్ని ముందు బోనెక్కించాడు. 1876లో ప్రష్యా భూస్వాములు ఆలుగడ్డ సారాతో ఎట్లా గడిస్తున్నారో రాసినప్పుడు కూడా అతను తాగేవాడి దగ్గర నుంచి కాచేవాడి దగ్గరికీ, కాచేవాడి నుంచి లాభం తినేవాడి దగ్గరికీ మనల్ని తీసుకుపోతాడు. ఎవరి రుచి వారిదన్నవాడు ఈ ప్రయాణం మొదలు కాకుండానే తలుపు వేస్తున్నాడు.

కనక నాకు తోచిన కొలబద్ద ఇది. ఒక పానీయాన్ని గాని, తిండిని గాని, ఒక కట్టడాన్ని గాని చూసినప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. దీన్ని చేసినవాడు ఎవరు? దీని మీద గడించినవాడు ఎవరు? దీనికి ఒళ్ళుతో వెల చెల్లించినవాడు ఎవరు? రుచిని బట్టి కాక ఈ జవాబులను బట్టి మంచిచెడ్డలు నిర్ణయించాలి. ఈ కొలతతో చూస్తే, తన చెట్టు తాను గీసి, కల్తీ లేని కల్లు పోసి, తన వెల తాను తీసుకునే గీత కార్మికుడి దొప్పా, పాట పాడి ప్యాకెట్లలో సారా పంచిన వ్యాపారమూ ఒకటి కావు. మత్తు పరిమాణం తూచి చెబుతున్న తేడా కాదిది. మనుషుల మధ్య సంబంధాన్ని బట్టి వచ్చిన తేడా. అట్లాగే కల్లు అమ్మకాన్ని ఒక్కసారిగా ఆపితే గీత కార్మికుడి పొయ్యి ఆరుతుందన్నది నిజం. ఆపకపోతే ఏదో ఒక ఇంట్లో ఒక తల్లికి నిద్రపట్టదన్నదీ నిజం. ఈ రెండు నిజాలలో ఒకదాన్ని నొక్కివేసి సులభంగా తీర్పు చెప్పేవాణ్ణి నేను నమ్మను. గీత కార్మికుడికి వేరే బ్రతుకుదెరువు చూపకుండా మద్యనిషేధం గురించీ, కూలివాడికి తీరికా వైద్యమూ గౌరవమూ కల్పించకుండా అతని తాగుడు గురించీ మాట్లాడే హక్కు మనకు పూర్తిగా లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఐతే యాత్రికుడు ప్రతి ముద్దకూ కన్నీరు కార్చాలా? ప్రతి గుక్కకూ పశ్చాత్తాపపడాలా? అక్కరలేదు. పశ్చాత్తాపం కూడా చాలాసార్లు కడుపు నిండినవాడి విలాసమే. దాని వల్ల గీత కార్మికుడికి రక్షణ మోకు రాదు, పెద్దమ్మ కళ్ళకు పొగ తగ్గదు. ఆనందపడటం తప్పు కాదు. ఆ ఆనందానికి కారణమైన మనిషిని, తనకు అలవాటైన చోటు దాటి ఎదురుపడగానే, గుర్తుపట్టకపోవటం తప్పు. తాటివనంలో గీత కార్మికుణ్ణి అన్నా అని పిలిచిన నేను, బస్సు స్టాండులో అటువంటి శ్రామికుణ్ణే మనిషిగా చూడలేకపోయాను. అక్కడ అతను నా యాత్రలో భాగం; ఇక్కడ నా ప్రశాంతతకు భంగం. అంటే నేను గౌరవించింది మనిషిని కాదు, నా యాత్రను.

ఆ పిల్ల చేసిన పని నాకు ఈ విషయంలో ఏ గ్రంథం కన్నా ఎక్కువ చెప్పింది. ఆమెకు కల్లంటే అసహ్యం. దాని వల్ల ఇంట్లో ఏం జరిగిందో ఆమె చెప్పలేదు; నేను అడగలేదు. ఐనా తాగిన మనిషి ఆమెకు అసహ్యం కాలేదు. నాకు కల్లంటే ఇష్టం. తాగిన మనిషి అంటే అసహ్యం. దూబగుంట స్త్రీలకూ సంస్కర్తలకూ ఉన్న తేడా ఇటువంటిదే అనుకుంటాను. తమ ఇంటి మనుషుల కోసం మద్యంతో పోరాడేవారు కొందరు. మద్యం పేరు చెప్పి ఆ మనుషులకు దూరంగా జరిగేవారు కొందరు. బల్ల మీద నేను రెండో జట్టులో కూర్చున్నాను.

మర్నాడు వరంగల్లు కోట చూశాము. నాలుగు దిక్కులా నిలిచిన కీర్తితోరణాల మధ్య, 1323లో ఢిల్లీ సైన్యం పగలగొట్టిన గుడి శకలాలు. తోరణాల అందం గురించి పట్నం కుర్రవాడు చాలా సేపు మాట్లాడాడు. ముందు రోజు సంగతి మాత్రం మా నలుగురిలో ఎవరూ ఎత్తలేదు.

మూడో రోజు పాలంపేటలో గాని ఆ మౌనం తెగలేదు. రామప్ప గుడిని 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. ఎర్ర ఇసుకరాతి గోడలు. అద్దంలా నునుపు తేలిన నల్లరాతి స్తంభాలు. చూరు కింద ఒంపులు తిరిగి నిలబడ్డ మదనికలు. నీటిలో వేస్తే తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం. కట్టించినవాడి పేరుతో కాక శిల్పి పేరుతో పిలవబడే గుడి ఇదని జనం చెప్పుకుంటారు. ఆ నమ్మకమే నాకు ముచ్చటగా ఉంటుంది. శాసనం దాతను గుర్తుపెట్టుకుంటే జనం పనివాణ్ణి గుర్తుపెట్టుకోవాలని చూశారు.

ఐతే పట్నం కుర్రవాడు స్తంభం మీద చెయ్యి ఆనించి, "శిల్పి పేరైతే ఉన్నది సార్. ఆ ఇటుకలు కాల్చినవాళ్ళ పేర్లు? వాళ్ళు ఏం తిన్నారు, ఏం తాగారు?" అని అడిగాడు. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' చదివిన తరానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. మనం దాన్ని తరగతి గదిలో అప్పజెప్పించి మార్కులు కూడా వేస్తాము. కాని ఈసారి ఆ కుర్రవాడు అడిగిన తీరులో అప్పజెప్పటం లేదు. అడిగి, ఆ పిల్ల వైపు చూసి, తల దించుకున్నాడు.

నేను చెప్పగలిగినంత చెప్పాను. రాయి తొలిచినవాడూ, మట్టి తొక్కినవాడూ ఈ నేల పండించిన గింజే తిన్నాడు, ఈ నేల చెట్టు ఇచ్చిందే తాగాడు. గుడి పక్కనే ఉన్న రామప్ప చెరువు ఎనిమిది వందల ఏళ్ళ తరవాత కూడా పొలాలకు నీళ్ళు ఇస్తున్నది. దాని కట్టకు మన్ను మోసిన గంపలకు లెక్క లేదు, పేర్లు లేవు. నీళ్ళు మాత్రం పారుతున్నవి. ఇది తెలిసినందువల్ల మదనికల అందం తగ్గిందా? నాకు తగ్గలేదు. అందం ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, ఆకలీ అలసటా తెలిసిన చేతులే దాన్ని చేసినవనీ తెలిసినప్పుడు నా గౌరవం పెరిగింది. పెద్దమ్మ రొట్టె విషయంలోనూ, గీత కార్మికుడి లొట్టి విషయంలోనూ అంతే.

తిరుగు ప్రయాణంలో మిత్రుడు, "మళ్ళీ తాగుతావా?" అని అడిగాడు. తాగుతానన్నాను. ఆ చెట్టు ఎవరిదో, గీసేవాడికి ఏం మిగులుతుందో ఈసారి అడుగుతానన్నాను. జేబు పుస్తకం తీసి 'అచ్చమైన రుచి' అన్న మాట కొట్టివేశాను. పైన గీత కార్మికుడు అన్న మాట మాత్రం అట్లాగే ఉంచాను. దాని కింద తేదీ వేసి, బస్సు స్టాండులో జరిగినది నాలుగు పంక్తులు రాశాను.

మన పత్రికలో మనం శ్రామికుణ్ణి గురించి ఎన్నో వ్యాసాలు రాశాము. ఇక ముందూ రాస్తాము, రాయాలి కూడా. ఐతే నర్సంపేట బస్సు ఎక్కడ ఆగుతుందో ఒక మనిషికి చెప్పటానికి నాకు ఏ సిద్ధాంతమూ అవసరం లేదు. బోర్డు నా ఎదటే ఉన్నది. ఐనా నేను చెప్పలేదు. విద్యార్థులకు పాపన్న చరిత్ర చెప్పబోయే ప్రతిసారీ ముందు ఈ సంగతి చెబుతున్నాను.